ప్రతి ఏడాదీ కొత్తగా మొదలయ్యే పని

2024లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 95,000 మంది తట్టు వ్యాధితో మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వారిలో అత్యధికులు ఐదేళ్లు నిండని పిల్లలు. ఆ వ్యాధిని నివారించే టీకా 1963లోనే వచ్చింది. అది బాగా పనిచేస్తుంది. పేద దేశాల్లో ఒక బిడ్డకు ఆ టీకా వేయడానికి సుమారు రెండు డాలర్లకు మించి ఖర్చు కాదు. అరవై ఏళ్లుగా చేతిలో ఉన్న రక్షణ అందక రోజుకు సగటున 260 మంది చనిపోతున్నారన్న సంగతి తలచుకున్నప్పుడల్లా నా మనసు కలత చెందుతుంది.

అదే లెక్కను ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. టీకా రాకముందు తట్టు ఏటా సుమారు 26 లక్షల మందిని పొట్టన పెట్టుకునేది. 2000 సంవత్సరంలో కూడా ఏడున్నర లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి. అప్పటి నుంచి 2024 నాటికి మరణాలు 88 శాతం తగ్గాయి. ఈ పాతికేళ్లలో ఒక్క తట్టు టీకా వల్లనే దాదాపు 5.9 కోట్ల మంది బతికారని అంచనా. మానవజాతి చేసిన మంచి పనుల జాబితా ఎవరు రాసినా అందులో దీనికి పై వరుసలో చోటు దక్కాలని నేను నమ్ముతాను. విజయం మాత్రమే చూసేవారు ఈనాటికీ చనిపోతున్న పిల్లలను మరచిపోతారు. దుఃఖం మాత్రమే చూసేవారు ఇదంతా సాధ్యం కాని పని అనుకుంటారు. రెండూ పొరపాటే.

ఈ మరణాలను తగ్గించిన ఘనత టీకాను కనుగొన్నవారికి ఎంత ఉందో, దానిని ప్రతి ఏడాదీ పిల్లల దాకా మోసుకెళ్లినవారికీ అంతే ఉంది. ప్రపంచంలో ఏటా దాదాపు 13 కోట్ల మంది పిల్లలు పుడుతున్నారు. తల్లి నుంచి వచ్చిన రక్షణ కొన్ని నెలల్లో కరిగిపోయాక, వారిలో ఒక్కరికీ తట్టును ఎదుర్కొనే శక్తి ఉండదు. నిరుడు ఎంత బాగా పనిచేశామన్నది ఈ ఏడాది పుట్టిన బిడ్డకు నేరుగా ఏ రక్షణా ఇవ్వదు. అందుకే ఈ పనిలో ఒకసారి గెలిచి విశ్రాంతి తీసుకునే అవకాశం లేదు. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. మిగిలినదంతా దాని వివరణ.

తట్టు వైరస్ మనకు తెలిసిన అంటువ్యాధి కారకాలన్నిటిలోనూ అతి వేగంగా వ్యాపించే వాటిలో ఒకటి. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, చివరకు ఊపిరి వదిలినప్పుడు కూడా గాలిలోకి చేరే ఈ వైరస్, ఆ మనిషి గది విడిచి వెళ్లిన తర్వాత రెండు గంటల వరకూ అక్కడి గాలిలో సోకే స్థితిలోనే ఉండగలదు. రక్షణ లేనివారు రోగికి దగ్గరగా మెలిగితే పది మందిలో తొమ్మిది మందికి సోకుతుంది. ఎవరికీ రక్షణ లేని జనసమూహంలో ఒక్క రోగి నుంచి సగటున 12 నుంచి 18 మందికి ఇది పాకుతుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పైగా దద్దుర్లు బయటపడటానికి నాలుగు రోజుల ముందు నుంచే రోగి ఇతరులకు అంటించగలడు. ఆ నాలుగు రోజులూ అది మామూలు జ్వరం, జలుబు, దగ్గు, ఎర్రబడిన కళ్లలాగే కనిపిస్తుంది కాబట్టి, ఇది తట్టు అని ఇంట్లోవారు గుర్తించేసరికే వ్యాప్తి జరిగిపోయి ఉంటుంది. రోగిని విడిగా ఉంచడం అవసరమే అయినా, దానితోనే ఈ వ్యాధిని ఆపడం సాధ్యం కాకపోవడానికి కారణం ఇదే.

ఈ స్వభావాన్ని మొదట స్పష్టంగా నమోదు చేసినవాడు పీటర్ పానుమ్ అనే యువ డేనిష్ వైద్యుడు. 1846లో ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవులకు తట్టు చేరినప్పుడు, అక్కడి సుమారు 7,800 మందిలో 6,000 మందికి పైగా జబ్బుపడ్డారు. పానుమ్ ఒక్కో పల్లెకూ వెళ్లి ఎవరికి ఎప్పుడు సోకిందో రాసుకుంటూ పోగా ఒక ఆశ్చర్యకరమైన విషయం బయటపడింది. అంతకు 65 ఏళ్ల ముందు, 1781లో, ఆ దీవుల్లో తట్టు వచ్చినప్పుడు చిన్నపిల్లలుగా ఉండి దానిని తట్టుకుని బతికిన వృద్ధులలో ఎవరికీ ఈసారి వ్యాధి రాలేదు. ఒకసారి తట్టు వచ్చి తగ్గితే శరీరం దానిని జీవితాంతం గుర్తుపెట్టుకుంటుందన్నమాట. ఈ వ్యాధికి టీకా సాధ్యమన్న ఆలోచనకు బలమైన పునాది ఈ పరిశీలనలో ఉంది. ఇక వ్యాధిని అంతకుముందు ఎన్నడూ చూడని జనంలోకి అది ప్రవేశిస్తే ఏం జరుగుతుందో 1875లో ఫిజీ దీవులు చూపించాయి. అక్కడ సుమారు 40,000 మంది చనిపోయారు. అంటే ఆ జనాభాలో దాదాపు నాలుగో వంతు.

తట్టు దానంతట అదే వచ్చి పోయే చిన్న జబ్బు అన్న అభిప్రాయం చాలా చోట్ల ఇప్పటికీ ఉంది. చాలామంది పిల్లలు కోలుకుంటారు కాబట్టి ఆ అభిప్రాయం పుట్టింది. కానీ కోలుకోని పిల్లల సంగతి చూస్తే, వారిని చంపేది ఎక్కువగా దద్దుర్ల వెనకాలే వచ్చే న్యుమోనియా, తీవ్రమైన విరేచనాలు, వాటి వల్ల శరీరంలో నీరు తగ్గిపోవడం. సుమారు వెయ్యి మందిలో ఒకరికి మెదడు వాపు వస్తుంది. విటమిన్ ఎ లోపం ఉన్న పిల్లల్లో కంటి నల్లగుడ్డు దెబ్బతిని చూపు పూర్తిగా పోవచ్చు. మంచి ఆహారం, వైద్యం అందే సమాజాల్లో తట్టు వచ్చిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఒకరి నుంచి ముగ్గురి వరకు చనిపోతే, పోషకాహార లోపంతో, ఇరుకు వసతులలో, వైద్యానికి దూరంగా బతికే సమూహాల్లో ఆ సంఖ్య నూటికి ఐదు నుంచి పది వరకు పెరగగలదు. వైరస్ రెండు చోట్లా ఒకటే. అది ఎవరి ఇంట్లో అడుగుపెట్టిందన్నదే బిడ్డ బతుకును నిర్ణయిస్తోంది.

ఇంకో విషయాన్ని ఇటీవలి పరిశోధనలు వెలికితీశాయి. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసినది అదే. తట్టు వైరస్ ముఖ్యంగా దాడి చేసేది మన రోగనిరోధక వ్యవస్థకు చెందిన కణాల మీద, అందులోనూ గతంలో ఎదుర్కొన్న సూక్ష్మజీవులను గుర్తుపెట్టుకునే కణాల మీద. 2019లో వెలువడిన ఒక అధ్యయనం, టీకా వేయించుకోని పిల్లల రక్తాన్ని తట్టు రాకముందు, వచ్చిన తర్వాత పరీక్షించి, ఇతర వ్యాధులకు వ్యతిరేకంగా వారి శరీరంలో అప్పటికే ఉన్న యాంటీబాడీలలో 11 నుంచి 73 శాతం వరకు తుడిచిపెట్టుకుపోయాయని చూపింది. అంటే తట్టు నుంచి బయటపడిన బిడ్డ, అంతకుముందు సంపాదించుకున్న రక్షణలో కొంత భాగాన్ని మళ్లీ మొదటి నుంచి సంపాదించుకోవలసి ఉంటుంది. ఆ బలహీన కాలం రెండు మూడేళ్లు కూడా సాగవచ్చని అంచనా. ఆ మధ్యలో వేరే జబ్బుతో చనిపోయే పిల్లలు తట్టు మరణాల లెక్కలో కనిపించరు. తట్టు టీకా వేయడం మొదలైన చోట్ల మొత్తం శిశు మరణాలు ఊహించినదానికంటే ఎక్కువగా ఎందుకు తగ్గాయన్న ప్రశ్నకు కూడా ఇక్కడ ఒక సమాధానం దొరుకుతోంది.

ఈ వైరస్‌ను చంపే ప్రత్యేకమైన మందు లేదు. రోగికి ద్రవాలు, ఆహారం, న్యుమోనియా వస్తే యాంటీబయాటిక్స్, వీటితోపాటు వరుసగా రెండు రోజులు రెండు మోతాదుల విటమిన్ ఎ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఆ విటమిన్ ఎన్నో ప్రాణాలనూ ఎన్నో కళ్లనూ కాపాడింది. అయితే అది వ్యాధి వచ్చినవారికి తోడుగా ఇచ్చే చికిత్స. వ్యాధి రాకుండా ఆపే శక్తి దానికి లేదు. టీకాకు బదులుగా విటమిన్ ఎ చాలని ప్రచారం చేసేవారు ఈ తేడాను దాచిపెడుతున్నారు.

టీకా కథ 1954లో అమెరికాలోని బోస్టన్ దగ్గర మొదలైంది. వైరస్ శాస్త్రవేత్త జాన్ ఎండర్స్ ప్రయోగశాలలో పనిచేస్తున్న థామస్ పీబుల్స్ అనే యువ వైద్యుడు, ఒక పాఠశాలలో తట్టు ప్రబలిందని తెలిసి అక్కడికి వెళ్లి, జబ్బుపడిన విద్యార్థుల గొంతు నుంచీ రక్తం నుంచీ నమూనాలు సేకరించాడు. డేవిడ్ ఎడ్మన్‌స్టన్ అనే విద్యార్థి నమూనా నుంచి వైరస్‌ను వేరుచేయడం సాధ్యమైంది. దానిని మళ్లీ మళ్లీ వేర్వేరు కణాల్లో పెంచి, చివరికి కోడి పిండ కణాలకు అలవాటు చేసి, వ్యాధి కలిగించలేనంత బలహీనంగా మార్చారు. 1963లో అమెరికాలో అనుమతి పొందిన ఆ మొదటి టీకా బాగానే పనిచేసినా, చాలామంది పిల్లలకు జ్వరం, దద్దుర్లు వచ్చేవి. అమెరికన్ శాస్త్రవేత్త మారిస్ హిల్‌మన్ ఆ వైరస్‌ను మరింత బలహీనపరచి 1968లో తెచ్చిన టీకాతో ఆ ఇబ్బంది చాలావరకు తగ్గింది. ఈ రోజు ప్రపంచంలో వాడుతున్న తట్టు టీకాల్లో చాలా భాగం ఆ ఒక్క విద్యార్థి నమూనా నుంచి వచ్చిన వైరస్ సంతతే.

అమెరికాలో అనుమతి రావడానికి ముందే, 1960ల ఆరంభంలో, నేడు బుర్కినా ఫాసోగా పిలుస్తున్న అప్పర్ వోల్టాలో ఈ టీకాను ప్రయోగాత్మకంగా వేశారు. పశ్చిమ ఆఫ్రికాలో తట్టు ఎంతటి విపత్తో, నైజీరియాలోని ఇలేషాలో పనిచేసిన బ్రిటిష్ వైద్యుడు డేవిడ్ మోర్లీ వంటివారు అప్పటికే ప్రపంచానికి చెబుతున్నారు. ఆ తర్వాత మశూచి, తట్టు టీకాలను కలిపి పశ్చిమ, మధ్య ఆఫ్రికాలోని ఇరవై దేశాల్లో పెద్ద కార్యక్రమం జరిగింది. అందులో గాంబియా అనే చిన్న దేశం 1960ల చివర్లో తట్టు వ్యాప్తిని పూర్తిగా ఆపగలిగింది. ప్రపంచంలో అలా ఆపిన మొదటి దేశం అదే. కానీ ఆ కార్యక్రమం కొనసాగలేదు, కొత్తగా పుట్టిన పిల్లలకు టీకా అందలేదు, తట్టు తిరిగి వచ్చింది. మశూచి విషయంలో ఒకసారి వ్యాప్తి గొలుసు తెగితే చాలింది. 1980 నాటికి ఆ వ్యాధే లేకుండా పోయింది. తట్టు విషయంలో పొరుగు దేశం నుంచి ఒక్క రోగి వస్తే మళ్లీ మొదటికి వస్తుంది. గాంబియా అనుభవం ఇంత ముందుగా, ఇంత స్పష్టంగా చెప్పిన పాఠాన్ని ప్రపంచం తర్వాత పదే పదే నేర్చుకోవలసి వచ్చింది.

1974లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విస్తృత టీకా కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు, పేద దేశాల్లో ప్రాథమిక టీకాలు అందుకుంటున్న పసిపిల్లలు నూటికి ఐదుగురు కూడా లేరు. ఆ తర్వాతి యాభై ఏళ్లలో టీకాలు 15.4 కోట్ల ప్రాణాలను కాపాడాయని 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అందులో దాదాపు 60 శాతం, అంటే సుమారు 9.4 కోట్లు, తట్టు టీకా వల్ల దక్కినవే. మిగతా టీకాలన్నీ కలిపి చేసిన మేలు కన్నా ఈ ఒక్కదాని మేలే ఎక్కువ. పేద దేశాలకు టీకాలు అందించడానికి 2000లో ఏర్పడిన గావి అనే అంతర్జాతీయ కూటమి, 2001లో రెడ్‌క్రాస్, యునిసెఫ్ వంటి సంస్థలు కలిసి మొదలుపెట్టిన ఉమ్మడి కార్యక్రమం ఈ పనికి డబ్బును, క్రమశిక్షణను తెచ్చాయి.

రెండు మోతాదులు ఎందుకు అవసరమో అర్థం కావాలంటే చిన్న లెక్క వేసుకోవాలి. తల్లి నుంచి బిడ్డకు చేరిన యాంటీబాడీలు మొదటి నెలల్లో బిడ్డను కాపాడతాయి. కానీ అవే టీకాలోని బలహీనమైన వైరస్‌ను కూడా పనిచేయనివ్వవు. మరీ ముందుగా వేస్తే టీకా పట్టదు. ఆలస్యంగా వేస్తే ఈలోగా తట్టే రావచ్చు. అందుకే వ్యాధి ఎక్కువగా తిరిగే దేశాల్లో తొమ్మిది నెలలకు, మిగతా చోట్ల ఏడాది నిండాక మొదటి మోతాదు ఇస్తారు. తొమ్మిది నెలలకు వేసిన మొదటి మోతాదు నూటికి సుమారు 85 మందిలోనే పనిచేస్తుంది. ఇప్పుడు ఏటా పది లక్షల మంది పుట్టే ఒక దేశాన్ని ఊహించుకోండి. అక్కడ 80 శాతం మందికి మొదటి మోతాదు అందిందనుకుందాం. టీకా అందని రెండు లక్షల మంది, అంది కూడా పట్టని లక్షా ఇరవై వేల మంది కలిసి, మూడు లక్షల ఇరవై వేల మంది ఆ ఒక్క ఏడాదిలోనే రక్షణ లేకుండా మిగిలిపోతారు. మూడేళ్లు గడిచేసరికి ఆ సంఖ్య ఒక పూర్తి ఏడాదిలో పుట్టిన పిల్లలతో దాదాపు సమానమవుతుంది. అప్పుడు తట్టు పెద్ద ఎత్తున విరుచుకుపడుతుంది. ఎనభై శాతం అన్న అంకె కాగితం మీద గౌరవంగానే కనిపిస్తుంది కానీ, ఈ వ్యాధి ముందు అది చాలదు. వ్యాప్తి ఆగాలంటే ప్రతి సమూహంలోనూ కనీసం 95 శాతం మందికి రెండు మోతాదులూ అందాలి.

రెండో మోతాదు మొదటిదానికి బలం చేకూర్చేదని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని ప్రధాన ప్రయోజనం మొదటిసారి టీకా పట్టని పిల్లలకు మరో అవకాశం ఇవ్వడం. రెండు మోతాదులూ తగిన వయసులో పడితే నూటికి 97 మందికి రక్షణ లభిస్తుంది. 2024లో ప్రపంచ పిల్లల్లో 84 శాతం మందికి మొదటి మోతాదు, 76 శాతం మందికి మాత్రమే రెండో మోతాదు అందాయి. ఏడాది నిండిన తర్వాత పిల్లలను ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లే అలవాటు చాలా దేశాల్లో ఇంకా స్థిరపడలేదు. ఈ లోటును పూడ్చడానికి రెండు నుంచి నాలుగేళ్లకోసారి, ఇదివరకు వేసిందా లేదా అని చూడకుండా పిల్లలందరికీ టీకా వేసే సామూహిక కార్యక్రమాలు నడుపుతారు. ఇవి అవసరమైనవే. కానీ వీటి మీదే ఆధారపడి, రోజువారీ టీకా సేవను నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వాలు రెండు కార్యక్రమాల మధ్య పుట్టిన పిల్లలను వైరస్‌కు వదిలేసినట్టే అవుతుంది.

ఇక టీకా సీసా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. విధానాల చర్చల్లో దీనికి చోటు తక్కువ దక్కుతుంది కానీ, ఎంతోమంది పిల్లల భవిష్యత్తు ఇక్కడే తేలుతోంది. తట్టు టీకా పొడి రూపంలో వస్తుంది. వేయబోయే ముందు, దానితోపాటు వచ్చిన ద్రవాన్ని మాత్రమే కలపాలి. కలిపే వరకూ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, ఎండ తగలకూడదు. కలిపిన తర్వాత ఆరు గంటల్లోపు వాడకపోతే పారేయాలి, ఎందుకంటే అందులో సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే పదార్థం ఏదీ ఉండదు. చాలా దేశాలకు అందే సీసాలో పది మోతాదులుంటాయి. మారుమూల ఆరోగ్య కేంద్రంలో ఉన్న నర్సు దగ్గరకు ఒక్క తల్లి ఒక్క బిడ్డను ఎత్తుకుని వచ్చిందనుకోండి. సీసా తెరిస్తే తొమ్మిది మోతాదులు వృథా అవుతాయి. నెల చివర పై అధికారులు వృథా ఎందుకు పెరిగిందని అడుగుతారు. తెరవకపోతే, వచ్చే వారం రమ్మని తల్లిని పంపించాలి. ఎన్నో గంటలు నడిచి వచ్చిన తల్లి వచ్చే వారం వస్తుందన్న నమ్మకం ఏముంది? ఒక్క బిడ్డ కోసమైనా సీసా తెరవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతున్నా, చాలా చోట్ల ఆ ఆదేశం నర్సు దాకా చేరదు, లేదా చేరినా లెక్కల భయం గెలుస్తుంది. ఇక్కడ నర్సును తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు. వృథాను నేరంగా, వెనక్కి పంపిన బిడ్డను శూన్యంగా లెక్కించే పద్ధతిదే ఆ తప్పు. జాంబియాలో ఐదు మోతాదుల సీసాలు ఇచ్చి చూసినప్పుడు టీకా అందిన పిల్లల శాతం పెరిగింది, వృథా తగ్గింది. సీసా పరిమాణం ఇంతటి మార్పు తేగలదన్నది ప్రతి ఆరోగ్య మంత్రీ తెలుసుకోవలసిన విషయం.

ఆ ద్రవాన్ని కలపడంలో జరిగిన పొరపాటే 2018లో పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్లో ఘోరానికి కారణమైంది. అక్కడ ఇద్దరు నర్సులు పొరపాటున ఆ ద్రవానికి బదులు కండరాలను సడలించే కాలం చెల్లిన మందు కలపడంతో ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. టీకాలో దోషం లేదు. అయినా కొన్ని నెలలపాటు టీకా కార్యక్రమం ఆగిపోయింది, జనంలో భయం పాతుకుపోయింది, టీకాలకు వ్యతిరేకంగా ప్రచారం చేసేవారు ఆ భయాన్ని పెంచి పోషించారు. ఆ ఏడాది పసిపిల్లల్లో దాదాపు మూడో వంతు మందికే మొదటి మోతాదు అందింది. 2019 చివర్లో తట్టు ఆ దేశంలోకి ప్రవేశించినప్పుడు, సుమారు రెండు లక్షల జనాభాలో 5,700 మందికి పైగా జబ్బుపడ్డారు. 83 మంది చనిపోయారు, వారిలో అత్యధికులు పసిపిల్లలు. డిసెంబరులో ప్రభుత్వం రెండు రోజులపాటు కార్యాలయాలు మూసి ఉద్యోగులందరినీ ఈ పనికి పంపింది. టీకా అందని మనుషులున్న ఇళ్ల ముందు ఎర్ర గుడ్డ కట్టమని చెప్పి, ఇంటింటికీ వెళ్లి టీకాలు వేయించింది. కొద్ది వారాల్లోనే దాదాపు 95 శాతం మందికి టీకా అందింది, వ్యాధి ఆగింది. 2025లో సమోవా, ఫిజీలతో సహా 21 పసిఫిక్ దీవుల దేశాలు, ప్రాంతాలు తట్టును నిర్మూలించినట్టు ధ్రువీకరణ పొందాయి. కొన్ని వారాల్లో చేయగలిగిన పనిని ఏడాది ముందే చేసి ఉంటే ఆ 83 మందిలో ఎంతమంది ఈ రోజు బడికి వెళుతుండేవారో అన్న ఆలోచన నన్ను వదలదు.

అదే 2019లో కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో మూడు లక్షల మందికి పైగా తట్టు సోకినట్టు నమోదైంది; ఆరు వేల మందికి పైగా చనిపోయారు. అదే సమయంలో ఆ దేశపు తూర్పు భాగంలో ఎబోలా ప్రబలింది, దానితో సుమారు 2,300 మంది మరణించారు. ప్రపంచ వార్తలన్నీ ఎబోలా చుట్టూనే తిరిగాయి. ఎబోలా మీద చూపిన శ్రద్ధ తప్పని నేను అనను, అది నిజంగా భయంకరమైన వ్యాధి. కానీ అంతకు రెండింతలకు పైగా ప్రాణాలు తీసిన, పాతకాలపు టీకాతో ఆపగల వ్యాధికి అందులో కొంత శ్రద్ధ కూడా దక్కకపోవడం అన్యాయం. పాత వ్యాధితో పేద పిల్లలు చనిపోతే అది వార్తగా అనిపించకపోవడం వల్లనే ఆ మరణాలు కొనసాగుతున్నాయని నా నమ్మకం.

టీకా పట్ల అపనమ్మకం గురించి కూడా చెప్పాలి. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు కేవలం 12 మంది పిల్లల ఆధారంగా, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా అనే మూడు వ్యాధులకూ కలిపి వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చని సూచిస్తూ లాన్సెట్‌లో ఒక పత్రం ప్రచురించాడు. అందులోని అక్రమాలు బయటపడటంతో 2010లో ఆ పత్రిక దానిని ఉపసంహరించుకుంది, అతని వైద్య వృత్తి గుర్తింపు కూడా రద్దయింది. 2019లో డెన్మార్క్ పరిశోధకులు 6,57,461 మంది పిల్లల వివరాలను ఏళ్ల తరబడి పరిశీలించి, టీకా వల్ల ఆటిజం ప్రమాదం పెరగలేదని తేల్చారు. అయినా ఆ మొదటి భయం ఇప్పటికీ తల్లిదండ్రులను వెంటాడుతోంది. సందేహంతో వచ్చిన తల్లిని మందలించకూడదు. ఆమె అడుగుతున్నది తన బిడ్డ క్షేమం కోసమే కాబట్టి ఓపికగా, గౌరవంగా, తెలిసిన నిజాన్ని చెప్పాలి. జ్వరం రావచ్చని, అరుదుగా జ్వరంతోపాటు మూర్ఛ రావచ్చని దాచకుండా చెబితేనే మిగతా మాటల మీద కూడా నమ్మకం కలుగుతుంది. అయితే ఈ చర్చ మొత్తం అపనమ్మకం మీదే సాగడం నాకు సమ్మతం కాదు. ఈ రోజు తట్టుతో చనిపోతున్న పిల్లల్లో అత్యధికుల తల్లిదండ్రులు టీకాను కాదన్నవారు కారు. యుద్ధం వల్ల, రోడ్లు లేకపోవడం వల్ల, జీతాలు అందని నర్సుల వల్ల, మందు నిల్వలు లేకపోవడం వల్ల టీకాయే వారి దాకా రాలేదు.

2024లో మొదటి మోతాదు కూడా అందని పసిపిల్లలు సుమారు 2.06 కోట్ల మంది. కొవిడ్ కాలంలో సేవలు కుంటుపడి 2021లో మొదటి మోతాదు 81 శాతానికి పడిపోయింది. ఆ లోటు ఇంకా పూర్తిగా పూడలేదు. దాని ఫలితంగా 2024లో 59 దేశాల్లో పెద్ద ఎత్తున తట్టు ప్రబలింది. ధనిక దేశాలు కూడా దీనికి మినహాయింపు కాదు. 1998లోనే తట్టును నిర్మూలించిన కెనడా, ఏడాదికి పైగా ఆగకుండా వ్యాప్తి కొనసాగడంతో 2025 నవంబరులో ఆ హోదాను కోల్పోయింది, దానితోపాటు అమెరికా ఖండాలు మొత్తంగా ఆ హోదా కోల్పోయాయి. దేశం మొత్తం సగటు ఎంత బాగున్నా, టీకా అందని కుటుంబాలు ఒకే చోట గుమిగూడి ఉంటే వైరస్‌కు ఆ చోటు చాలు. అందుకే జాతీయ సగటును చూసి సంతోషించే బదులు, ప్రతి జిల్లాలోనూ ఏ వాడలో పిల్లలు మిగిలిపోయారో చూడమని ఈ రంగంలో పనిచేసేవారు మొత్తుకుంటున్నారు. ఆ చూపు ఉండాలంటే పరీక్షలు కావాలి. దద్దుర్లు, జ్వరం ఉన్న ప్రతి బిడ్డకూ తట్టే అని కంటితో తేల్చలేం. ప్రపంచంలో 700కు పైగా ప్రయోగశాలలు ఒక గొలుసుగా ఏర్పడి ఈ పని చేస్తున్నాయి. ఆ వ్యవస్థ అంతా ఏళ్ల తరబడి ఒక్క అమెరికా ప్రభుత్వ నిధుల మీదే నడిచింది. ఆ నిధుల భవిష్యత్తు 2025లో ప్రశ్నార్థకమైంది. ఇంత అవసరమైన వ్యవస్థను ఒకే దేశపు ఖజానాకు వదిలేయడం మొదటి నుంచీ తగని పనే. మిగతా దేశాలు తమ వాటా తీసుకోవడానికి ఇదే సమయం.

కొంత ఆశ కలిగించే వార్త గాంబియా నుంచే వచ్చింది. చర్మానికి అంటించే చిన్న పట్టీ మీద కంటికి కనిపించనంత సన్నని ముళ్ల రూపంలో తట్టు, రుబెల్లా టీకాను ఉంచి, అక్కడి పసిపిల్లల మీద జరిపిన పరీక్షల ఫలితాలు 2024లో వెలువడ్డాయి. సూదితో వేసిన టీకాకు దీటుగా ఆ పట్టీ రక్షణ కలిగించింది, భద్రత విషయంలో ఆందోళన కలిగించే అంశమేదీ బయటపడలేదు. ఇందులో కలపవలసిన ద్రవం లేదు కాబట్టి కలపడంలో పొరపాటుకు తావు లేదు. ఒక్కో పట్టీ ఒక్కో బిడ్డకే కాబట్టి వృథా భయం ఉండదు. సూది వేయడంలో శిక్షణ పొందని ఆరోగ్య కార్యకర్త కూడా ఇంటింటికీ తీసుకెళ్లి అంటించవచ్చు. ఇంకా పెద్ద పరీక్షలు జరగాలి, వాటిని తయారుచేసే కర్మాగారాలు కట్టాలి, అందుకు ముందుగా డబ్బు పెట్టేవారు కావాలి. ధనిక దేశాల్లో పెద్దగా అమ్ముడుపోని వస్తువు కాబట్టి లాభం చూసుకునే సంస్థలు వాటంతట అవి ముందుకు రావు. ప్రభుత్వాలు, గావి వంటి సంస్థలు ఇన్ని కొంటామని ముందే మాట ఇస్తే తప్ప ఆ కర్మాగారాలు లేవవు. ఈలోగా ఈ ఏడాది పుట్టిన పిల్లలకు తొమ్మిది నెలలు నిండుతాయి. వారికి అందవలసింది ఇప్పుడున్న టీకాయే, ఇప్పుడున్న సీసాలోంచే, వారిలో ఒక్కరి కోసమైనా ఆ సీసా తెరిచే అధికారం నర్సుకు రాతపూర్వకంగా ఇచ్చే పని మాత్రం ఏ ప్రభుత్వమైనా రేపే చేయగలదు.